పొట్లములో ఏమున్నది?

(ప్రసంగ పాఠము)

క్రిందటి వర్షకాలము ముగియుచుండగా, గ్రామసీమల కార్యక్రమమునకు కొన్ని సంభాషణలు ముద్రించుకొని వచ్చుటకై మేము భద్రాచలము దాటి చింతూరు దారిని వెళ్లితిమి. తిరుగు ప్రయాణములో గోదావరి వంతెనకు ముందు వాహనముల తనిఖీ జరుగుచుండెను. మా బండిమీద ఆకాశవాణి పేరున్నను పెట్టెలన్నియు దించి చూపవలసి వచ్చినది. మాకందులో చిన్నతనమేమియు తోచలేదు. ఆ దారిన వచ్చు కూరగాయల లారీని, పెండ్లివారి కారును కూడ పోలీసువారు అట్లే చూచుచుండిరి.

వరుస కదలువరకు ప్రక్కనున్న టీ కొట్టులో కూర్చుంటిమి. కొట్టు నడుపుచున్న నడివయసు తల్లి గ్లాసులు అందించుచు, "మీరు రేడియో వాళ్లా సారూ?" అని అడిగినది. అవునంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, ఎవరును వినుటలేదని చూచుకొని, మెల్లగా ఇట్లన్నది: "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా పిల్లగాడు పట్నంలో చదువుతుండు. మొన్న పండక్కి వస్తే వాడి సంచిలో ఒక పొట్లం కనబడింది. అడిగితే, అమ్మా ఇది గంజాయి కాదు, ఉత్త ఆకుపొడి, దీనికి కేసు కూడా లేదు అంటుండు. నిజమేనా సారూ?"

"అటువంటివి మంచివి కావమ్మా, పారవేయించు" అని మాత్రము చెప్పి, వరుస కదలగానే లేచి వచ్చితిమి. వంతెన దాటుచుండగా ఆ సమాధానము చాలదని మాకే తోచినది. ఆమె అడిగినది మంచిచెడ్డల సంగతి కాదు. ఆమె మూడు ప్రశ్నలు అడిగినది. అది గంజాయియా, కాదా? అది ఉత్త ఆకుపొడియేనా? దానికి కేసు ఉన్నదా, లేదా? ఆ పొట్లమును మేము చూడలేదు. చూచినను అందులో ఏమున్నదో చెప్పగలిగియుండము. ఆ సంగతియే ఈనాటి ప్రసంగమునకు కారణము.

గంజాయి పేరు ఈ సరిహద్దు ప్రాంతము వారికి కొత్తది కాదు. తూర్పు కనుమలలో ఆంధ్ర, ఒడిశాల నడిమి కొండలమీద చాటుగా పండించిన సరకు సీలేరు, చింతూరు మార్గమున దిగి, భద్రాచలము మీదుగా కొత్తగూడెము, ఖమ్మము, హైదరాబాదు చేరుట ఏండ్ల తరబడి జరుగుచున్న వ్యవహారము. 2022 ఫిబ్రవరి 12వ తేదీన ఆంధ్రప్రదేశ్ పోలీసువారు అనకాపల్లి సమీపమున ఒకేచోట రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. ఆ కొండలలో ఈ పంట ఎంతగా ప్రాకినదో ఆ ఒక్క లెక్కయే చెప్పుచున్నది. అది అక్రమమైనదే, హాని చేయునదే. అయినను ఆ మొక్కకు ఒక రూపమున్నది, ఒక వాసనయున్నది. తనిఖీ చేయు కానిస్టేబులు మూట విప్పకమునుపే పసిగట్టగలడు. మనము ఇప్పుడు చెప్పుకొనబోవు వస్తువునకు ఆ ఆనవాలు కూడ లేదు. దానిని శాస్త్రజ్ఞులు సింథటిక్ కన్నాబినాయిడ్లు అందురు. ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ గంజాయి అని మనము చెప్పుకొనవచ్చును.

ఇది ఎట్లు పుట్టినదో ముందుగా తెలిసికొందము. గంజాయిలో మత్తు కలిగించు ముఖ్య పదార్థమును పొట్టిగా టి.హెచ్.సి. అందురు. 1964లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు గవోని, మెషూలం దానిని శుద్ధరూపమున వేరుపరచి దాని నిర్మాణమును తెలిసికొనిరి. అది మెదడులో పనిచేయుటకు అక్కడ దానిని పట్టుకొను గ్రాహకములు ఉండవలెను గదా. 1988లో అవి ఉన్నవని తేలినది. 1992లో ఆ గ్రాహకములపై పనిచేయు పదార్థమును మన శరీరమే తయారుచేసికొనుచున్నదని కనుగొని, సంస్కృతములోని ఆనంద శబ్దమును తీసికొని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టిరి. ఆకలి, జ్ఞాపకము, భయము, నొప్పి, నడకలోని తూకము మొదలగువానిని అదుపులోనుంచు ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటును పరిశోధించుటకై అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయమున రసాయనాచార్యుడు జాన్ డబ్ల్యు. హఫ్మన్, ఆయన శిష్యులు వందలాది కొత్త పదార్థములను తయారుచేసిరి. వానిలో ఒకదానికి ఆయన పేరులోని పొడి అక్షరములతో జె.డబ్ల్యు.హెచ్-018 అని గుర్తు పెట్టిరి. అది మనుష్యులు సేవించుటకై చేసినది కాదు. కాని తయారుచేయు విధానము శాస్త్రపత్రికలలో ఉన్నది. దానిని లాభాపేక్ష కలవారును చదివిరి. ఐరోపాలో "స్పైస్" అను పేర ధూపద్రవ్యమని అమ్ముచుండిన ఆకుపొడి పొట్లములను పరీక్షింపగా, 2008 డిసెంబరులో జర్మనీలో అసలు గుట్టు బయటపడినది. పొట్లము మీద మూలికల పేర్లు ముద్రించియుండెను. లోపల మత్తు కలిగించినది ఆ మూలికలు కావు. వానిపై చల్లిన జె.డబ్ల్యు.హెచ్-018. ఆనాటినుండి ఇట్టి పదార్థములు ఒకటి తరువాత ఒకటిగా పుట్టుచునే ఉన్నవి. ఐరోపా సంస్థల లెక్కకు వచ్చినవే 250కి పైగా కలవు.

కావున తల్లి అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానము ఇది: అట్టి పొట్లములో గంజాయి లేకపోవచ్చును. అందుచేతనే అది మరింత భయంకరము కావచ్చును.

ఎందువలన? పాలేరు క్రింద వ్యవసాయము చేయు రైతులకు తూము సంగతి చెప్పనక్కరలేదు. తలుపు కొంత ఎత్తిన, నీరు కొంత వచ్చును. పూర్తిగా ఎత్తిన, కాలువ గట్టు తెగును. గంజాయిలోని టి.హెచ్.సి. మెదడులోని ఆ గ్రాహకములను కొంతమేరకే ప్రేరేపింపగలదు. ప్రయోగశాల పదార్థములలో ఎక్కువభాగము తలుపును పూర్తిగా ఎత్తివేయును. కొన్ని టి.హెచ్.సి. కంటె ఎన్నో పదుల రెట్లు బలమైనవి. గుండె దడ, వాంతులు, మూర్ఛలు, ఎవరో చంపవచ్చుచున్నారను విపరీత భయము, మతి తప్పుట, స్పృహ కోల్పోవుట, ఒక్కొక్కప్పుడు మరణము దీని ఫలితములు.

ఇక రెండవ ప్రశ్న. ఉత్త ఆకుపొడియేనా? ఖమ్మము మార్కెట్టుకు మిరపకాయలు తోలు రైతులను అడుగుడు. చేనుకు మందు కొట్టునపుడు లీటరు నీటికి ఎంత కలుపవలెనో కొలత ఉండును. ఎంత జాగ్రత్తగా కొట్టినను ఒక ఆకుమీద ఎక్కువ, ఒక ఆకుమీద తక్కువ పడును. ఈ పొట్లములు తయారుచేయువారు పొడిని ఏదో ద్రావకములో కరగించి, ఏవో ఎండుటాకులమీద చల్లి ఆరబెట్టుదురు. కొలత లేదు, తూకము లేదు. ఒకే పొట్లములో ఒక చిటికెలో ఏమియు ఉండకపోవచ్చును. రెండవ చిటికెలో ప్రాణము తీయునంత ఉండవచ్చును. నిన్న త్రాగి బాగున్న మిత్రుని చూచి నేడు త్రాగిన పిల్లవాడు పడిపోవుటకు ఇదియే కారణము. పురుగుమందు డబ్బామీదనైన ఎంత విషమో తెలుపుటకు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఒక త్రికోణముండును. ఈ పొట్లముమీద అదియు లేదు.

ఇవి ఊహించి చెప్పుచున్న మాటలు కావు. 2012లో అమెరికాలోని ఆరు రాష్ట్రములలో ఇట్టి సరకు త్రాగిన 16 మందికి మూత్రపిండములు దెబ్బతిన్నట్లు అక్కడి ప్రభుత్వ వైద్యులు గుర్తించిరి. 2016 జూలై 12వ తేదీన న్యూయార్కు నగరములో ఒకే పేటలో 33 మంది ఒకేసారి మైకము క్రమ్మి, పిలిచిన పలుకక, వీధులలో కూలబడిరి. పరీక్షింపగా, వారు త్రాగినదానిలో ఉన్నది ఎ.ఎం.బి.-ఫుబినాకా అను కొత్త పదార్థమని తేలినది. మరుసటి సంవత్సరమునుండి న్యూజీలండు దేశములో పదుల సంఖ్యలో జరిగిన మరణములకు కారణమైన ముఖ్య పదార్థమును అదియే. 2018లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 150 మందికి పైగా ముక్కునుండి, చిగుళ్లనుండి రక్తము కారుచు ఆసుపత్రులలో చేరిరి, కొందరు మరణించిరి. వారు త్రాగిన కృత్రిమ గంజాయిలో బ్రోడిఫాకమ్ అను ఎలుకల మందు కలిసియుండెను.

ఇవి యన్నియు సముద్రముల కావలి సంగతులు, మనకేల అని కొందరు అనవచ్చును. వారు ఒక్కసారి కల్లుకుండను తలచుకొందురు గాక. తాటిచెట్టు, జీలుగుచెట్టు ఇచ్చు కల్లు ఈ అడవి సీమలో తరతరములుగా ఎరిగిన పానీయము. దాని రుచి, దాని పులుపు, దాని మత్తు తెలిసినవే. కాని తెలంగాణములో అనేకచోట్ల అల్ప్రజోలము, డయజిపాము, క్లోరల్ హైడ్రేటు అను మందులను నీళ్లలో కలిపి కల్లుపేర అమ్మినారు. అది అలవాటుపడినవారు ఒకనాడు దొరకకపోయిన మూర్ఛలు వచ్చి, పిచ్చివారివలె ప్రవర్తించుచు ఆసుపత్రులకు వచ్చిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. కుండ అదే, పేరు అదే; లోపలిది మాత్రము మారినది. గంజాయి పేరుతో గాని, మూలికల పేరుతో గాని వచ్చు పొట్లముల సంగతియు ఇట్టిదే. పాతపేరు చాటున కొత్త విషము వచ్చుట మనము కన్నులారా చూచిన విషయము.

పొట్లమే కానక్కరలేదు. ఈ పదార్థములను ద్రవములలో కలిపి, వేపులనబడు విద్యుత్ సిగరెట్ల గొట్టములలో నింపి అమ్ముటయు కలదు. ఇంగ్లండులో పాఠశాల పిల్లలవద్ద స్వాధీనము చేసికొన్న గొట్టములను బాత్ విశ్వవిద్యాలయము వారు పరీక్షించి, ప్రతి ఆరింటిలో ఒకదానియందు ఈ కృత్రిమ గంజాయి ఉన్నదని 2024లో తెలిపిరి. మన దేశములో విద్యుత్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన అన్నియు 2019 నాటి చట్టముచే నిషిద్ధములు. ఇంట పిల్లలవద్ద అట్టి గొట్టము కనబడినయెడల అది ఆటవస్తువని ఊరకుండరాదు.

ఇప్పుడు మూడవ ప్రశ్న. కేసు ఉన్నదా, లేదా?

మత్తుపదార్థములను గూర్చిన మన ముఖ్యశాసనము 1985లో వచ్చి, ఆ సంవత్సరము నవంబరు 14నుండి అమలులో ఉన్నది. దానిని ఎన్.డి.పి.ఎస్. చట్టమని పిలుచుచున్నాము. ఆ చట్టములో గంజాయి యనగా ఆ మొక్కయొక్క పూత, కాయ కొసలు. కృత్రిమ పదార్థములు ఆ నిర్వచనములోనికి రావు. ఆ పిల్లవాడు చెప్పినదానిలో నిజము అంతమాత్రమే. కాని అదే చట్టమునకు మనఃప్రభావక పదార్థముల పట్టిక యొకటి అనుబంధముగా ఉన్నది. ఐక్యరాజ్యసమితి మత్తుపదార్థముల సంఘము 2015లో జె.డబ్ల్యు.హెచ్-018ను, ఎ.ఎం.-2201 అను మరియొకదానిని అంతర్జాతీయ నియంత్రణక్రిందకు తెచ్చినది. ఆ తరువాత మన పట్టికలోనికి కూడ ఇట్టివి చేరినవి. కొత్త పేర్లను ప్రకటన ద్వారా చేర్చు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు కలదు.

ఇందులో ఒక చిక్కున్నదని దాచనక్కరలేదు. పట్టికలో ఒక పేరు చేరగానే, దొంగ రసాయనకారులు అణువులో ఒక కొమ్మ మార్చి మరియొకటి చేయుచున్నారు. అందువలన చైనా దేశము 2021 జూలై 1నుండి ఈ జాతి పదార్థములనన్నింటిని ఒక్కుమ్మడిగా నిషేధించినది. మన దేశములో పేరుపేరున చేర్చు పద్ధతి ఉన్నది. కాని దీనిని చూచి ధైర్యపడువాడు ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. తన చేతిలోని పొట్లములో ఉన్నది పట్టికలోని పేరా, కొత్త పేరా, వానికెట్లు తెలియును? అమ్మినవానికే తెలియదు. ఆ సంగతి ఫోరెన్సిక్ ప్రయోగశాలలో తేలును. అప్పటికి పిల్లవాడు పోలీసులచేతిలో ఉండును. పట్టికలో లేని పదార్థమైనను శరీరము దానిని మన్నింపదు.

శిక్షలు ఎట్టివో చెప్పుదుము. పట్టికలోని పదార్థము స్వల్ప పరిమాణములో పట్టుబడిన ఒక సంవత్సరమువరకు కఠిన కారాగారము గాని, 10,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని. వాణిజ్య పరిమాణమైన 10నుండి 20 సంవత్సరముల శిక్ష, లక్షనుండి రెండు లక్షల రూపాయల జరిమానా. ఆ రెంటి నడిమి పరిమాణమునకు 10 సంవత్సరములవరకు శిక్ష, లక్షవరకు జరిమానా. గంజాయికి కిలోవరకు స్వల్పము. 20 కిలోలు వాణిజ్యము. పొడిచల్లిన ఆకుల విషయములో తెలియవలసినది మరియొకటి కలదు. మత్తుపదార్థముతో కలిసిన ఉత్త పదార్థము బరువును కూడ లెక్కలోనికి తీసికొనవలెనని 2020 ఏప్రిలులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. చిటికెడు పొడియే కదా అను వాదము అక్కడ నిలువదు. ఆకులతో సహా తూచుదురు.

ఈ సరిహద్దు గ్రామముల యువకులకు ప్రత్యేకముగా ఒక మాట. సంచి ఇచ్చి, బండి ఇచ్చి, వంతెన దాటించిన వేలు ఇత్తుమని చెప్పువారు ఉందురు. సంచిలో ఏమున్నదో చెప్పరు. పట్టుబడునది సంచి ఇచ్చినవాడు కాదు, మోసినవాడు. సరకు ఎవనివద్ద దొరికినదో వానికి అది తెలిసియే ఉన్నదని చట్టము మొదట భావించును. తెలియదని నిరూపించుకొను భారము వానిమీదనే పడును. వాణిజ్య పరిమాణమైన బెయిలు దొరకుట మిక్కిలి కష్టము. యజమానికి తెలియకుండ జరిగినదని రుజువైతే తప్ప బండియు జప్తు కావచ్చును. బాలురచేత ఇట్టివి మోయించినను, అమ్మించినను 2015 నాటి బాలల న్యాయచట్టము క్రింద ఏడు సంవత్సరములవరకు కఠిన శిక్ష కలదు.

అయినను ఈ చట్టములో తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన దయగల భాగము ఒకటి ఉన్నది. అలవాటునకు లోబడినవాడు, సేవించిన నేరమునకో, స్వల్ప పరిమాణము ఉంచుకొన్న నేరమునకో గురియైనపుడు, తానై ముందుకు వచ్చి ప్రభుత్వము గుర్తించిన సంస్థలో చికిత్స పొందినచో, ఆ నేరమునకు విచారణనుండి మినహాయింపు పొందవచ్చును. చికిత్స నడుమ మానివేసిన ఆ రక్షణ పోవచ్చును. కావున పిల్లవాడు జైలుకు పోవునను భయముచే అతనిని ఇంట దాచి, చికిత్సకు దూరము చేయుట అతనికి మేలు కాదు.

ఎవరైన అట్టిది త్రాగి పడిపోయినచో ఏమి చేయవలెను? ఒంటరిగా విడువరాదు. ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. వాంతి వచ్చిన ఊపిరితిత్తులలోనికి పోకుండును. నోట నీరు గాని, మజ్జిగ గాని, నిమ్మరసము గాని పోయరాదు. మూర్ఛ వచ్చిన చేతులు కాళ్లు అదిమిపట్టరాదు. 108కి ఫోను చేయవలెను. మిగిలిన పొట్లమునో గొట్టమునో వైద్యునికి చూపి, జరిగినది జరిగినట్లు చెప్పవలెను. దీనికి విరుగుడు మందు లేదు. మూర్ఛను, గుండె దడను, రక్తపోటును కనిపెట్టుచు వైద్యులు ప్రాణము కాపాడుదురు. సాధారణ మూత్రపరీక్షలో ఈ పదార్థములు చాలవరకు కనబడవు. పరీక్షలో ఏమియు లేదన్నంతమాత్రమున పిల్లవాడు ఏమియు తీసికొనలేదని అర్థము కాదు. నిత్యము అలవాటున్నవారు ఒక్కసారిగా మానిన నిద్రపట్టకపోవుట, చెమటలు, వాంతులు, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు రావచ్చును గనుక వైద్యుని కనుసన్నలలో మాన్పించుట మేలు. సలహాకొరకు 14446 అను జాతీయ సహాయకేంద్రమునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. మత్తుసరకు అమ్మువారి సమాచారము తెలుపదలచిన 1933 కలదు.

వంతెన దగ్గర టీ కొట్టు నడుపు ఆ తల్లి ఈ ప్రసంగము వినుచున్నచో, ఆనాడు తొందరలో చెప్పక వచ్చిన సమాధానమును ఇప్పుడు చెప్పుచున్నాము. అమ్మా, అది గంజాయి కాదన్న మాట నిజము కావచ్చును. అది నీ భయమును తగ్గించవలసిన మాట కాదు. కేసు లేదన్న మాట నీ కుమారునికి అమ్మినవాడు చెప్పియుండును. కోర్టులో వాడు వచ్చి నిలువడు. మేము పారవేయించుమని మాత్రమే అంటిమి. అది చాలదు. ఒక పొట్లము పోయిన మరియొకటి వచ్చును. పిల్లవాడు మరల ఇంటికి వచ్చినపుడు కొట్టవద్దు, నలుగురిలో నిలదీయవద్దు. అన్నము పెట్టి, దగ్గర కూర్చుండి, అది ఎన్నాళ్లనుండి త్రాగుచున్నాడో, త్రాగినపుడు ఏమగుచున్నదో, మానగలడో లేడో అడుగుము. మానలేనని చెప్పినచో అది సిగ్గుపడవలసిన మాట కాదు. వెంటనే వైద్యునివద్దకు తీసికొని పోవలసిన మాట.

చివరగా అతనిని ఒక్క ప్రశ్న అడుగుము: "బిడ్డా, ఆ పొట్లములో ఏమున్నదో నీకు తెలియునా?" అతడు నిజము పలికినచో తెలియదనియే చెప్పవలెను. మాకును తెలియదు, అమ్మినవానికిని తెలియదు. ఏమున్నదో తెలియనిదానిని నోట పెట్టుకొనరాదని అడవిలో పుట్టగొడుగులు ఏరు పిల్లలకు కూడ పెద్దలు నేర్పుదురు. ఆ పాఠమును పట్నమునకు పోయిన పిల్లలకు మరల ఒకసారి గుర్తుచేయవలసియున్నది.